ఎండకాలం దాటిన ఎర్రదీపం

మొన్న రంగులేసే ఆయన స్క్రూడ్రైవర్ పట్టుకోని మా అత్త మంచానికి ఎదురుగ ఉన్న గోడ కాడ నిలబడి, "మేడం, గీ లైటు పీకేద్దామా? పాతదున్నది, గోడకు బాగ లేదు" అన్నడు. నేను నోరు తెరిచేలోపలనే మా అత్త మంచంల లేచి కూసున్నది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండంగనే, "దాని మీద చెయ్యి పడితే ఆ చెయ్యి ఇరగ్గొడ్త" అన్నది. మా ఇంట్ల గట్టి నోరు నాదొక్కదానిదే అని కోరుట్ల మొత్తం అనుకుంటది. ఎనభై దాటిన మా అత్త నోరు ఎవరూ వినలేదు కాబట్టి.

ఆయన తప్పేమీ లేదు. ఆ దీపం చూడముచ్చటగ ఉండదు. రూపాయి బిళ్ల కంటె కొంచెం పెద్ద ఎర్ర మూత, చుట్టూ గీతలు పడ్డ నల్ల కట్టు. ఇంట్లకు లైన్ కరెంటు వస్తుంటే వెలుగుతది, పోతే ఆరిపోతది. దాని పని అంతే. దాన్ని అక్కడ బిగించిన మనిషి ఈ ఏడు హోళీకి ముందు కాలం చేసిండు. రంగులాయన పోయినంక గోడ దిక్కు చూసుకుంట కూసున్న. ఆ మనిషితోటి నేను పడ్డ లొల్లులన్నీ ఒక్కొక్కటే యాదికొచ్చినయి. అన్నీ నేనే మొదలుపెట్టినవి. ఎక్కువ ఆయనే ముగించినవి.

ఆయనది మేడిపల్లి పక్కన ఊరు. పాతికేండ్లు తాటిచెట్లు ఎక్కి కల్లు గీసిండు. మోకాళ్లు మొరాయించినంక చెట్టు దిగి కరెంటు పని పట్టుకున్నడు. చెట్టు మీదికెల్లి కిందోళ్లతోటి మాట్లాడి మాట్లాడి ఆయనకు మెల్లగ మాట్లాడుడు పోయింది. మా హాల్ల కూసోని చాయ్ తాగుకుంట "చక్కెర తక్కువైంది బిడ్డా" అన్నా నాలుగిండ్ల అవతలికి ఇనపడేది. నేను కాకా అని పిలిచేదాన్ని. ఆయన మనసు మంచిగుంటే నన్ను బిడ్డా అనేటోడు, కోపమొస్తే మేడం అనేటోడు. మా మధ్య మేడం అన్న మాటే ఎక్కువ నడిచింది.

మొదటిసారి ఆయన పని చూసినప్పుడే నాకు చిరాకు లేచింది. ఒక వైరుల కరెంటు ఉన్నదా లేదా చూడాలె. టెస్టరు పెడితే అయిపోయే పని. ఆయన ముందుగల పక్కన వెలుగుతున్న సాకెట్ల పెట్టి చూసిండు. తర్వాత ఆ వైరుకు పెట్టిండు. మల్ల పోయి సాకెట్ల పెట్టిండు.

"ఏంది కాకా, ఒక్క వైరుకు మూడుసార్లా?"

"ముందు టెస్టరు బతికున్నదా సచ్చిందా చూడాలె గద మేడం. సచ్చిన టెస్టరుకు అన్ని వైర్లూ మంచియే."

"సరే, చూసినవు. మల్ల మూడోసారి ఎందుకు?"

"నడుమల సస్తే?"

నేను జగిత్యాల దగ్గర బడిల భౌతికశాస్త్రం చెప్త. పదో తరగతి పిల్లలకు విద్యుత్ పాఠం నా నోట్లకెల్లే పోతది. అయినా జవాబు లేనప్పుడు నేను వేరే ప్రశ్న అడుగుత. "ఇట్ల ప్రతి వైరుకు చేసుకుంట పోతే నీ పని ఎప్పుడు ఒడుస్తది?" అన్న.

ఆయన నవ్విండు. నడుముకు చుట్టుకునే మోకు, అంటే చెట్టు ఎక్కేటప్పుడు మనిషిని పట్టుకోని ఉండే తాడు, దాని సంగతి చెప్పిండు. "ఎక్కే ముందు మూడుసార్లు గుంజి చూసేటోన్ని. పొద్దున ఎక్కిన మోకే. పొద్దుమూకి ఎక్కేటప్పుడు మల్ల మూడుసార్లు. పొద్దటి నమ్మకం పొద్దటికే అయిపోతది బిడ్డా."

ఆయన మా ఇంటికి రావలసిన అవసరం అత్త ఊపిరితోటి వచ్చింది. అప్పటికి రెండు నెలల నుంచి అత్తకు ఇంట్లనే ఆక్సిజన్ మిషన్ పెట్టినం. కరెంటు లేకుంటే మిషన్ నడవదు. అందుకని పెద్ద ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు. అది పెట్టిన రోజు మా ఆయన, నేను సంబురపడ్డం. కరెంటు పోయినా ఫాను ఆగదు, ట్యూబులైటు కనురెప్ప కొట్టదు. ఈయన ఒక్కడే మొఖం మాడ్చుకున్నడు.

"గిదే అసలు భయం మేడం. కరెంటు పోయిన సంగతి ఎవ్వలికీ తెల్వది. బ్యాటరీ లోపల లోపల ఒడుస్తనే ఉంటది. ఒడిసిన నాడు ఒక్కసారే తెలుస్తది. అప్పటికి అవ్వ సంగతేంది?"

అత్త పక్కన ఒక పెద్ద సిలిండర్ కూడ ఉన్నది, కరెంటు అక్కర లేనిది. లైన్ కరెంటు పోయిందని ముందే తెలిస్తే ఎవలో ఒకలు వచ్చి దాన్ని తిప్పే ఏర్పాటు చేసుకోవచ్చు. తెలిస్తేనే. అందుకే ఒక దీపం కావాలన్నడు, అవ్వ కంటికి ఎదురుంగ. ఎప్పటికీ సావని దీపం.

"అయితే రేపు తెచ్చి పెట్టు" అన్న.

"రేపెట్ల? నా దగ్గరున్నవి ఇంకా ఎండకాలం దాటలే."

నాకు అర్థం కాలే. నాలుగు రోజులు చూసి, బడి నుంచి వచ్చేటప్పుడు మేడిపల్లి కాడ బస్సు దిగి, తిట్టుడుకే వాళ్లింటికి పోయిన. అర్ర ముందల, రేకుల కింద, గోడకు పాత తలుపు చెక్క ఒకటి నిలబెట్టి ఉన్నది. చెక్క నిండ రంధ్రాలు. రంధ్రం రంధ్రానికి ఒక దీపం. పదో, పదిహేనో. కొన్ని వెలుగుతున్నయి, కొన్ని సచ్చినయి. కింద సుద్దముక్కతోటి ఏవేవో రాతలు. సాయంత్రపు ఎండల ఆ ఎర్రవి, పచ్చవి, పసుపువి అట్ల వెలుగుకుంట నన్ను చూసినయి. తిట్లు మర్చిపోయిన.

ఒక్కొక్కదాన్ని చూపెట్టిండు. తాను గీసిన చెట్లను చూపెట్టినట్టే, పేరు పేరునా గుణాలు చెప్పుకుంట.

"గిది నియాన్. మొదటి ఏడాది ముద్దుగుంటది. రెండో ఏడాది లోపల మసి పడ్తది. మూడో ఏడాది వెలుగుతనే ఉంటది గని పగటిపూట కనపడది. కనపడని దీపం ఉంటే ఎంత, లేకుంటే ఎంత? గిది జీరో బల్బు. వేడికి సస్తది, వోల్టేజి ఎగిరితే సస్తది, తలుపు గట్టిగేస్తే సస్తది. గివి ఎల్‌ఈడీలు. దీపం మంచిదే, దాని కడుపు మంచిది కాదు. లోపల కెపాసిటర్ చవుకది పెడ్తరు. ఎండలకు ఉబ్బి పగుల్తది."

"డబ్బా మీద ఎన్ని గంటలు వెలుగుతదో రాసి ఉంటది గద కాకా?"

"రాసినోడు గన్ని గంటలు కూసోని చూసిండా మేడం?"

ఆయన పరీక్ష ఇది. దీపాన్ని చలికాలంల చెక్కకు బిగించుడు, మిరుగం కార్తె వచ్చి వానలు పడేదాక ఆర్పకుండ వెలిగించుడు. పొలాల మోటర్లన్నీ ఒక్కసారి నడిస్తే వోల్టేజి అడుగుకు పడ్తది, ఒక్కసారి బందైతే మీదికి ఎగురుతది. ఆ దెబ్బలూ, ఆ రేకుల కింద ఎండ వేడీ తట్టుకున్నదే ఒకరి ఇంటికి పోతది. మిగిలినవి చెత్తకుండికి.

"ఒక దీపానికి ఇంత రామాయణమా?" అన్న. ఆయన అప్పుడు నా దిక్కు తిరిగి, ఎన్నడూ లేనిది గొంతు తగ్గించి మాట్లాడిండు.

"వెలుగుడు గొప్ప కాదు మేడం. ఆరుడు నిజం కావాలె. దీపం ఆరిందంటే కరెంటు పోయిందని అవ్వ నమ్మాలె. దీపమే సచ్చి ఆరితే? ఒకసారి ఉత్తగ భయపడ్తది. రెండోసారి భయపడ్తది. మూడోసారి దాని దిక్కు చూసుడే మానేస్తది. నాలుగోసారి నిజంగ కరెంటు పోతే?"

ఇగ లోపలికి పోయి గుడ్డల చుట్టిన దీపం ఒకటి తెచ్చిండు. ఆయన బామ్మర్ది సిరిసిల్లల సాంచల మీద పని చేస్తడు. సాంచలంటే బట్ట నేసే మరమగ్గాలు. అక్కడ ఏ షెడ్డు మూతపడ్డా ఈయన పోయి తుక్కుల పడ్డ కరెంటు బోర్డులకెల్లి దీపాలు ఊడదీసుకొస్తడు. "ఆరేండ్లు వెలిగింది. సాంచల ఊపుకు ఆగింది, నూలు దుమ్ముకు ఆగింది. మిరుగం దాక ఆగలేనంటే గిది పెడ్త."

"వాడి పారేసింది తెచ్చి మా అత్త ప్రాణానికి కాపలా పెడ్తవా?"

"కొత్తదానికి గ్యారంటీ ఏంది మేడం? గిది అన్నీ చూసింది."

"నాకు తుక్కు సామాను వద్దు."

"సరే మేడం" అని గుడ్డల చుట్టి లోపల పెట్టుకున్నడు.

ఆ రోజు బస్సుల కూసోనే ఫోన్ల ఒక దీపం ఆర్డర్ పెట్టిన. పచ్చది, అందమైనది, సాకెట్ల గుచ్చితే చాలు. వచ్చినాక అత్త మంచం పక్కనున్న సాకెట్ల పెట్టిన. ఎంత ముద్దుగ వెలిగిందో. ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పిన. "దీపం సంగతి వదిలెయ్ మేడం, అది ఎక్కడ తాగుతదో సూడు" అన్నడు. ఆయన మాటలన్నీ కల్లు మాటలే అనుకోని పెట్టేసిన.

పది పన్నెండు రోజులు పోయినయి. ఒక నాడు నేను బడిల ఉన్న, మా ఆయన కరీంనగర్ల ఉన్నడు. లైన్ పని ఉన్నదని పొద్దున పదింటికే కరెంటు తీసేసిండ్రు. ఇంట్ల ఎవ్వలికీ తెల్వలే. పచ్చదీపం వెలుగుతనే ఉన్నది. ఫాను తిరుగుతనే ఉన్నది. అత్త దీపం చూసి నిమ్మళంగ ఉన్నది. మధ్యాహ్నం బ్యాటరీలు ఒడిసినయి. దీపం, ఫాను, మిషను మూడూ ఒక్కసారే ఆగినయి. మిషన్ కీచుమని మొత్తుకునుడు మొదలుపెట్టింది. పక్కింటి వదిన అరుగు మీద బీడీలు చేసుకుంట ఆ మోత విని, చాట కింద పడేసి ఉరికొచ్చి, నేను ఎప్పుడో చూపెట్టింది యాదికి తెచ్చుకోని సిలిండర్ తిప్పింది. నేను వచ్చేసరికి అత్త పెదవులు ఇంకా నల్లగనే ఉన్నయి. వదిన పాదాలు రుద్దుతున్నది.

నేను చేసిన తప్పు ఇది: ఆ సాకెట్టు ఇన్వర్టర్ మీదిది. లైన్ కరెంటు ఉన్నా, లేకున్నా అందుల కరెంటు ఉంటది. బ్యాటరీ మీద వెలిగే దీపాన్ని పెట్టి, లైన్ ఉన్నదా లేదా అని దాన్నే అడిగిన. పదో తరగతి పిల్లలు ఈ తప్పు చేస్తే నేను బల్ల మీద కొట్టి ఇజ్జత్ తీసేదాన్ని.

కరెంటు మల్ల వచ్చి బ్యాటరీలు కొంత నిండినంక, పొద్దుగూకక ముందే ఆయన బండి మీద వచ్చిండు. నేను చెప్పలేదా అంటడని కాసుకోని ఉన్న. అంటే ఏం తిరగబడాల్నో కూడ తయారు చేసుకున్న. ఆయన పచ్చదీపాన్ని సాకెట్లకెల్లి పీకి, గుడ్డతోటి తుడిచి నా చేతుల పెట్టిండు. "దీపం తప్పు లేదు బిడ్డా. మంచి దీపమే. పూజ గదిల పెట్టుకో" అన్నడు.

మేడం అంటే తట్టుకునేదాన్ని. బిడ్డా అన్నడు. వంటింట్లకు పోయి నల్లా తిప్పి మొఖం కడుక్కున్న.

గుడ్డల చుట్టిన ఆ సాంచల దీపం ఆయన జేబులనే ఉన్నది. అయినా తిన్నగ బిగించలే. పచ్చ, పసుపు, ఎరుపు మూడు దీపాలు వరుసగ వెలిగించి, కిటికీ తలుపులు బార్లా తెరిచి, ఎండ లోపల పడంగ అత్తను అడిగిండు.

"అవ్వా, ఏది కనపడ్తంది?"

"ఎర్రది."

"ఎరుపంటే ప్రమాదం గద కాకా" అన్న నేను. అంత జరిగినా నా నోరు ఊకోదు. "ఉన్నది అనెటందుకు పచ్చ పెట్టాలె."

"అవ్వకు కనపడేదే రంగు."

నేను హాల్ల పెట్టుమన్న, వచ్చేటోళ్లు పోయేటోళ్లు చూస్తరని. "పొద్దంత ఆ గోడనే చూసేది ఎవలు?" అన్నడు. మంచానికి ఎదురుగనే పెట్టిండు. మెయిన్ కాడికెల్లి, ఇన్వర్టర్ కంటె ముందుగల, దానికొక్కదానికే వేరే వైరు గుంజిండు. ఇగ చివరికి అత్తను కొంచెం లేపి కూసోబెట్టి, "అవ్వా, లెక్కపెట్టు" అని మెయిన్ ఆపిండు. ఫాను తిరుగుతనే ఉన్నది, మిషన్ నడుస్తనే ఉన్నది, ఎర్రదీపం ఆరింది. వేసిండు, వెలిగింది. "ఒకటి" అన్నది అత్త. మల్ల ఆపి వేసిండు. "రెండు." మల్ల. "మూడు" అని చిన్నపిల్ల తీరు నవ్వింది. పక్కింటి వదినను కూడ పిలిచి చూపెట్టిండు. ఆ రోజు నుంచి దీపం ఆరితే అత్త ప్లేటు మీద చెంచాతోటి కొడ్తది. వదిన వస్తది. ఇప్పటిదాక ఎన్నిసార్లు కొట్టిందో. ఒక్కసారి కూడ అది అబద్ధం కాలే.

చాయ్ తాగేటప్పుడు నేను ఊకోలే. "కాకా, ఒక్క మాట. ఇది ఎల్‌ఈడీయే గద, ఒక్కసారే ఆరిపోదు. మెల్లగ మసకబారుతది. ఇది ఇప్పటికే ఆరేండ్లు వెలిగింది. అత్త కన్ను కూడ ఏడాదికేడాది మసకబారుతది. రెండు మసకలు ఒక్కసారి కలిస్తే? నీ పరీక్షల ఆరుడే ఉన్నది, మసకబారుడు లేదు."

ఎప్పుడైనా అంటించినట్టు జవాబొచ్చేది. ఆ రోజు రాలే. చాయ్ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకోని, "వస్త అవ్వా" అని పోయిండు. గెలిచిన్నో, ఆయనకు కోపం తెప్పించిన్నో తెల్వలే. తర్వాత అడుగుడు కూడ కాలే. రెండు మూడుసార్లు వచ్చిండు, దీపం చూసిండు, అత్తతోటి లోకం మాటలు మాట్లాడిండు, నా మాటకు జవాబు చెప్పలే.

పోయిండని మూడు రోజుల తర్వాత తెలిసింది. గుండెపోటట. పదకొండొద్దుల నాడు పోయిన. అర్ర ముందల చుట్టాలు కూసున్నరు, చెక్క మీద దీపాలు వెలుగుతనే ఉన్నయి. ఎవలో పెద్దమనిషి, "ఇంకా గవెందుకు, బంజెయ్యుర్రి" అన్నడు. ఆయన భార్య లోపలికెల్లి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉన్నది.

"ఎట్ల బంజేస్తరు? ఎండకాలం దాటలే గద ఇంకా."

నేను చెక్క దగ్గరికి పోయిన. కింద సుద్దరాతలు చదివిన. 'రుద్రంగి, బర్రెల కొట్టం.' 'గంభీరావుపేట, పిండిగిర్ని.' ఏ దీపం ఎవరి ఇంటికి పోవాల్నో రాసిపెట్టుకున్నడు. చివరి వరుసల ఎర్రది, కొత్తది. దాని కింద వంకర అక్షరాలు: 'లొల్లి మేడం. అవ్వకు మసకబారితే.'

చిన్నమ్మ, అంటే కాకా భార్య, నా పక్కన నిలబడ్డది. "గీ లొల్లి మేడం ఎవలో మాకు తెల్వది బిడ్డా. మిగిలినోళ్ల ఊర్లు రాసిండు, ఈమెది రాయలే. ఎవలను అడగాల్నో ఏందో."

"నేనే చిన్నమ్మా."

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "నువ్వేనా?" అన్నది. ఆ ఒక్క మాటతోటే నా సంగతంతా ఆ ఇంట్ల ఎట్ల చెప్పుకున్నరో తెలిసిపోయింది.

దాన్ని అప్పుడే ఇయ్యుమన్న. బతిమిలాడిన. ఆయన గుర్తుగ పెట్టుకుంటనన్న. తర్వాత నా అలవాటు ప్రకారం వాదించిన కూడ: రెండు మూడు నెలలు అటో ఇటో అయితే ఏమైతది, పాతది ఇంకా మంచిగనే వెలుగుతున్నది, ఇది ఉత్తగ పక్కకు పెట్టుకునేటందుకే గద అన్న. చిన్నమ్మ తల అడ్డంగ ఊపింది. "దాటనియ్యి" అన్నది. ఓడిపోయి వచ్చిన.

మిరుగం వచ్చింది. రెండు మంచి వానలు పడ్డయి. నిన్న పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసింది: "ఏందమ్మా లొల్లి మేడం, నీ దీపం పాసైంది. అచ్చి తీస్కపో."

సాయంత్రం నేనే బిగించిన. మెయిన్ ఆపి, టెస్టరును ముందు ఇన్వర్టర్ సాకెట్ల పెట్టి చూసిన, తర్వాత వైరుకు, మల్ల సాకెట్ల. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టిన. మెయిన్ వేస్తే రెండూ వెలిగినయి. పక్కపక్కన చూస్తే తెలిసింది, పాతది నిజంగనే కొంచెం తగ్గింది. పీకలే.

అత్త మంచంల కూసోని చూస్తున్నది. మెయిన్ ఆపి వేసిన. "ఒకటి" అన్నది. ఆపి వేసిన. "రెండు" అన్నది. నేను చేతులు దులుపుకోని స్టూలు పక్కకు జరిపిన.

"మూడోది?"

"రెండుసార్లు చూసినం గద అత్తా. మంచిగనే ఉన్నది."

అత్త ముక్కుకున్న గొట్టం సర్దుకున్నది. గోడ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"నడుమల సస్తే?"

మల్ల పోయి మెయిన్ ఆపిన. రెండు దీపాలూ ఆరినయి. వేసిన. రెండూ వెలిగినయి.